పాత్రకు పాఠకుడే కాపలా

సూపర్‌మ్యాన్ ఒక ఉడతను కాపాడటం అవసరమా? 2025 జులైలో జేమ్స్ గన్ సినిమా విడుదలయ్యాక అభిమానులు ఈ ప్రశ్న మీద గట్టిగానే వాదించుకున్నారు. నగరం మీద ఓ పెనుజంతువు విరుచుకుపడుతుంటుంది. ఆ విధ్వంసం మధ్యలో సూపర్‌మ్యాన్ రివ్వున దూసుకొచ్చి ఒక ఉడతను అందుకుని పక్కకు తప్పిస్తాడు. తొలుత చూసినవాళ్లలో కొందరికి ఈ ముక్క నచ్చలేదని, అయినా ఉంచేశానని దర్శకుడే చెప్పారు. పోరాటం పట్టు సడలిందని కొందరన్నారు. ఏ ప్రాణినీ చిన్నచూపు చూడనివాడే సూపర్‌మ్యాన్ అని మరికొందరు పట్టుబట్టారు. బొమ్మల కథకు ఇంత రగడ దేనికని పెద్దలు విసుక్కోవచ్చు. మేము విసుక్కోం. ఒక పాత్ర ఏ పని చేస్తుంది, ఏ పని చచ్చినా చేయదు అని అడగడమే సాహిత్య విమర్శకు మొదటి మెట్టు. ఆ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్న అభిమానిని తేలిగ్గా తీసిపారేయకూడదు.

అతని మాటకు విలువ ఉండటానికి బలమైన కారణమే ఉంది. 1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో సూపర్‌మ్యాన్ కనిపించాడు. క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఆ పాత్రను సృష్టించి, 130 డాలర్లకు సర్వహక్కులూ రాసిచ్చేశారు. అప్పటినుంచి ఎందరో రచయితలు, చిత్రకారులు ఆ పాత్రను నడిపారు. హక్కులున్న సంస్థ చేతులు మారింది. నవలలోని పాత్ర దారి తప్పిందో లేదో తేల్చుకోవడానికి రచయిత రాసిన పాఠం ఒకటుంటుంది. కామిక్ హీరోకు అలాంటి ఒక్క పాఠమంటూ లేదు. రాసేవాళ్లు వస్తారు, పోతారు. దశాబ్దాల తరబడి వదలకుండా వెంట నడిచేవాడు పాఠకుడొక్కడే. అందుకే సినిమా వచ్చినప్పుడు ‘ఇతను మా మనిషి కాడు’ అనే హక్కు అతనికి ఉంటుంది. చదవడం వల్ల వచ్చిన హక్కు అది.

అయితే అతను కాపాడాల్సింది దేన్ని? ఇక్కడే అభిమానులు చాలాసార్లు తడబడ్డారు. 1988లో టిమ్ బర్టన్ తన బ్యాట్‌మ్యాన్‌గా మైకేల్ కీటన్‌ను ఎంచుకున్నప్పుడు, నవ్వించే వేషాలు వేసుకునే నటుడు చీకటి వీరుడేమిటని గగ్గోలు పుట్టింది. వార్నర్ సంస్థకు దాదాపు 50,000 నిరసన లేఖలు వెళ్లాయని చెబుతారు. మరుసటి ఏడాది సినిమా వచ్చింది. ఆ ఉత్తరాలు రాసిన తరమే కీటన్‌ను నెత్తిన పెట్టుకుంది. 2006లో బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ పాత్రకు హీత్ లెడ్జర్ పేరు ప్రకటించినప్పుడూ ఇదే కథ. 2008లో ది డార్క్ నైట్ విడుదలయ్యేనాటికి ఆయన లేరు. మరుసటి ఏడాది ఆ పాత్రకు దక్కిన ఆస్కార్‌ను ఆయన కుటుంబం అందుకుంది. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. మాయాబజార్‌కు ముందు ఒక సినిమాలో కృష్ణుడిగా కాసేపు కనిపించిన ఎన్టీఆర్‌ను ప్రేక్షకులు ఒప్పుకోలేదు. ఆ చేదు వల్లే మళ్లీ ఆ వేషం కట్టడానికి ఆయన వెనకాడారు. మాయాబజార్ దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుపట్టి ఒప్పించారు. ఆ తర్వాత తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఆ ముఖమే. చూడకముందే ముఖాన్ని బట్టి తీర్పు చెబితే అది తప్పయ్యే అవకాశమే ఎక్కువ.

కాపాడాల్సింది వేషాన్ని కాదు, స్వభావాన్ని. 1978లో రిచర్డ్ డోనర్ తీసిన సూపర్‌మ్యాన్‌లో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. తోటి విలేకరి లోయిస్ ఇంటికి సూపర్‌మ్యాన్ మారువేషమైన క్లార్క్ కెంట్ వస్తాడు. ఆమె లోపలి గదిలో ఉంది. కోటు, టై, కళ్లద్దాలతో కాస్త వంగి నిలబడ్డ క్లార్క్, నిజం చెప్పేయాలన్న ఊపులో అద్దాలు తీస్తాడు. వెన్ను నిటారవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు బరువెక్కుతుంది. కెమెరా కోత లేదు, దుస్తులు మారలేదు, ఎర్ర అంగీ లేదు. అయినా మన ఎదుట ఉన్నది సూపర్‌మ్యానే. అంతలో ధైర్యం చాలక అద్దాలు పెట్టుకుంటాడు. మనిషి మళ్లీ కుంచించుకుపోతాడు. ఒక్క కళ్లద్దాల జతతో లోకాన్ని ఎలా మోసగించగలడన్నది కామిక్ పాఠకులను నలభై ఏళ్లుగా వేధించిన సందేహం. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ రీవ్ వివరణతో పనిలేకుండా ఒంటితో, గొంతుతోనే దానికి జవాబు చెప్పాడు. బొమ్మలో లేనిదాన్ని చేర్చి బొమ్మకు న్యాయం చేయడమంటే ఇదే.

దీనికి భిన్నమైన అనుభవం వాచ్‌మెన్. అలన్ మూర్ రాసి డేవ్ గిబన్స్ గీసిన ఆ రచనను 2009లో జాక్ స్నైడర్ తెరకెక్కించాడు. ఎన్నో బొమ్మల గడులను ఉన్నవి ఉన్నట్టే దృశ్యాలుగా మలిచాడు. అంత శ్రద్ధ పెట్టినా చాలామంది పాఠకులకు వెలితి తోచింది. పేజీకి తొమ్మిది గడుల చొప్పున సాగే ఆ పుస్తకంలో పాఠకుడు ఆగవచ్చు, వెనక్కి వెళ్లవచ్చు, ఒక గడిని ఇంకో గడితో పోల్చుకోవచ్చు. సినిమాలో ఆ వీలు లేదు. పైగా పుస్తకం అసహ్యించుకున్న హింస తెరమీద నిదానపు కదలికల్లో అందంగా కనిపించింది. మూర్ తన పేరు వేయడానికే ఒప్పుకోలేదు.

మ్యాన్ ఆఫ్ స్టీల్ మీద నేటికీ తెగని వాదం ఇంకా లోతైనది. 2013లో వచ్చిన ఆ సినిమా చివర, రైల్వేస్టేషన్‌లో ప్రతినాయకుడు జాడ్ కళ్లలోంచి మంటలు ఒక కుటుంబం వైపు జరుగుతుంటే సూపర్‌మ్యాన్ అతని మెడ విరిచేస్తాడు. సూపర్‌మ్యాన్ చంపడన్నారు కొందరు. కామిక్స్‌లోనే చంపాడు కదా అన్నారు ఇంకొందరు. అదీ నిజమే. 1988లో జాన్ బర్న్ కథలో సూపర్‌మ్యాన్ జాడ్‌తో కలిపి ముగ్గురికి మరణశిక్ష అమలు చేశాడు. కానీ ఆ పాపభారం తర్వాతి సంచికల్లో అతన్ని వెంటాడింది. చివరికి భూమినే విడిచి వెళ్లిపోయాడు. సినిమాలో ఒక్క ఆక్రందనతో సరిపెట్టి కథ ముందుకు కదిలింది. అంటే తేడా చేసిన పనిలో లేదు, దాని బరువు మోయడంలో ఉంది. ఇంత సూక్ష్మమైన సంగతిని పట్టుకున్నది చదివిన అభిమానులే. మొదటి కథల్లో బ్యాట్‌మ్యాన్ కూడా మనుషుల్ని చంపాడు. చంపకూడదన్న కట్టుబాటు ఆ తర్వాత, 1940లో సంపాదకుల నిర్ణయంతో వచ్చింది. మూలంలో ఉందా లేదా అన్న వాదన ఒక్కటే సరిపోదు. పాత్ర కాలక్రమంలో ఏమై నిలిచిందో చూడాలి.

ఈ తర్కం మనకు కొత్తేమీ కాదు. మాయాబజార్ చెప్పిన శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదు. అయినా ఆ సినిమాను ఎవరూ అపచారమనలేదు. కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు, ఘటోత్కచుడి పొగరులోనూ పెద్దల పట్ల వినయం చెదరలేదు. కల్పనకు అడ్డు చెప్పనివాళ్లే, 2023లో ఆదిపురుష్ వచ్చినప్పుడు హనుమంతుడి నోట పలికిన మాటలు విని నొచ్చుకున్నారు. నిర్మాతలు సంభాషణలు మార్చక తప్పలేదు.

హక్కుకు హద్దు కూడా ఉంది. 2011 నాటి థార్‌లో నార్స్ పురాణ దేవుడు హైమ్‌డాల్‌గా ఇద్రిస్ ఎల్బా నటిస్తున్నాడని, అతని చర్మం నల్లగా ఉందని కొందరు బహిష్కరణకు పిలుపునిచ్చారు. అది పాత్ర మీద ప్రేమ కాదు, జాతి ద్వేషం. 2017 జస్టిస్ లీగ్ నిర్మాణం మధ్యలో కూతుర్ని పోగొట్టుకుని స్నైడర్ తప్పుకున్నాక, ఆయన అనుకున్న రూపం చూపించాలని అభిమానులు ఏళ్లపాటు అడిగారు. 2021లో నాలుగు గంటల ఆ చిత్రం వచ్చింది. ఆ ఉద్యమంలో కొందరు ఆత్మహత్యల నివారణకు విరాళాలు పోగుచేశారు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. విరాళాలిచ్చినవాళ్లను చూసి గర్వపడదాం. తిట్టినవాళ్లను వెనకేసుకు రాకూడదు.

అభిమానులకు మేము గట్టిగా చెప్పదలిచింది ఒకటుంది. పాత్ర కోసం చూపిన పట్టుదలను పాత్రకర్త కోసమూ చూపాలి. సూపర్‌మ్యాన్ సినిమా తయారవుతున్న రోజుల్లో సీగెల్ చిరుద్యోగంతో నెట్టుకొస్తున్నాడు, షుస్టర్‌కు చూపు మందగించింది. నీల్ ఆడమ్స్ వంటి చిత్రకారులు గళమెత్తాక, 1975 చివర్లో ఏటా 20,000 డాలర్ల చొప్పున భృతి, కథల మీద వాళ్ల పేర్లు దక్కాయి. బ్యాట్‌మ్యాన్‌కు ఆ ముసుగు, ఆ అంగీ సూచించిన బిల్ ఫింగర్ 1974లో పోయాడు. అతని పేరు ‘సృష్టి’ వరుసలో సినిమా తెరమీదికి ఎక్కింది 2016లో. మన చందమామలో తోకచుక్క, మకరదేవత వంటి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ పేజీల మీద కనబడేది కాదు. చిత్రా గీసిన బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లు, ఆ కథలు ఎవరివో ఎన్నో ఏళ్ల తర్వాత తెలుసుకున్నారు.

తెలుగులోనూ సూపర్‌హీరో కథలు పుంజుకుంటున్నాయి. రేపు మన బొమ్మల కథలూ తెరకెక్కుతాయి. అప్పుడు దర్శకుడు చదివినవాళ్ల మాట వినాలి, అభిమాని చదివి మాట్లాడాలి. తన హీరో తీరు మారిందని నిలదీసే ముందు, ఆ హీరోను పుట్టించినవారి పేరు తెరమీద ఉందో లేదో చూడాలి. లేకపోతే ముందు దాన్నే అడగాలి.