శిఖిముఖికి అర గజం చోటు లేదా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా మెట్రో స్తంభాల వెంబడి నడిచి చూడండి. గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ బిట్ బ్యాంకులు, పక్కనే అట్టలూడిన హ్యారీ పాటర్లు. దాసరి సుబ్రహ్మణ్యం పుస్తకం కావాలని అడగండి. "ఏ సబ్జెక్టు సార్?" అంటారు. కొట్టువాణ్ణి అని ఏం లాభం! ఆ పేరు ఎవరికీ చేరకుండా చేసుకున్నది మనమే.

పదమూడేళ్ల పిల్లలకు తెలుగులో చదవడానికి ఏముందని పెదవి విరిచే అమ్మానాన్నలతోనే నా పేచీ. 1954లో 'తోకచుక్క' మొదలుకొని దాసరి పిల్లల మాసపత్రిక చందమామకు 12 సీరియళ్లు రాశాడు. బొమ్మ మూలన 'చిత్రా' అని సంతకం కనిపించేది. రాసినవాడి పేరు మాత్రం ఉండేది కాదు. ఆఫీసులోవాళ్ల పేర్లు వేయకపోవడం ఆ పత్రిక పద్ధతి, కొడవటిగంటి కుటుంబరావుకూ అంతే. అయితే కుటుంబరావుకు బయట బోలెడు నవలలున్నాయి, పేరుంది. దాసరికి ముఖ్యంగా ఉన్నవి ఆ సీరియళ్లే. తర్వాతి సంచిక ఎప్పుడొస్తుందా అని తపించిపోయిన పిల్లలకు, తమని అంతగా ఊరించినవాడెవరో తెలియదు. 2010లో ఆయన వెళ్లిపోయారు.

'శిథిలాలయం' తీయండి. శిఖిముఖి శబర నాయకుడి కొడుకు, విక్రమకేసరి క్షత్రియుడు. కులం కలవదు, ఊరు కలవదు. అయినా ఒకరికొకరు తోడుగా నిలుస్తారు. అడవి కుర్రాడు రాజుగారి గుర్రం పట్టుకుని వెనక నడిచే బంటు కాదు, కథకు నాయకుడు. 1960ల చివర్లో, పిల్లల పత్రికలో! 'జ్వాలాద్వీపం'లో ఉగ్రాక్షుడైతే ఏకంగా రాక్షసుడు. మన సినిమాల్లో రాక్షసుడు పుట్టేదే చావడానికి. ఇక్కడ మాత్రం కథానాయకుడు చిత్రసేనుడికి అండగా ఉంటాడు. గండభేరుండ పక్షులెక్కి శత్రువులు వస్తున్నా, పిల్లవాడికి భయం వేయనిది ఆ రాక్షసుడు మనవైపు ఉన్నాడనే. ఆడపిల్లలకు ఈ కథల్లో పని తక్కువ, అది లోటే. దానికి పుస్తకాన్నే మూలన పడేస్తామా?

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోతే ఊరంతా మాట్లాడుకున్నాం. ఆ స్థలంలో ఏం కట్టాలో తలా ఒక సలహా ఇచ్చాం. ఈ కథలు మన ఇళ్లలోంచి తరలిపోతే ఒక్కరూ అడగలేదు.

సీరియళ్లు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి, కాబట్టి దొరకవనే సాకూ లేదు. చైతన్యపురి సందుల్లో ఇన్ని బడులున్నాయి. వారంలో ఒక్క లైబ్రరీ పీరియడ్ నిజంగా జరపండి. టీచరమ్మ దాసరి 'రాకాసిలోయ' గట్టిగా చదివి, మంచి పట్టులో గంట కొట్టగానే ఆపెయ్యాలి. రెండోవారం పిల్లలు తర్వాతేమైందని అడక్కపోతే, నేనింక ఈ విషయం ఎత్తను.