‘అమాత్య’ శబ్దం: అర్థం, ప్రయోగం, అనౌచిత్యం

మంత్రివర్గ విస్తరణ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ తెలుగు పత్రికల శీర్షికలలో ‘అమాత్యయోగం’ అనే సమాసం దర్శనమిస్తుంది. ‘మంత్రి’కి గంభీరమైన పర్యాయపదంగా ‘అమాత్యుడు’ చలామణి అవుతున్నాడు. ఈ ప్రయోగం అర్థరీత్యా శిథిలం, ప్రజాస్వామ్య సందర్భంలో అనుచితం.

మంత్రం అంటే ఆలోచన. అది చెప్పేవాడు మంత్రి. ఈ పదం చేసే పనిని తెలుపుతుంది. ‘అమా’ అనే అవ్యయానికి దగ్గర, తోడు అని అర్థం. దానిపై ‘త్య’ ప్రత్యయం చేరగా ఏర్పడిన ‘అమాత్య’ శబ్దం రాజు చెంత ఉండేవాడిని సూచిస్తుంది. అంటే అది పనిని కాక సామీప్యాన్ని చెబుతుంది. కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రం మొదటి అధికరణం 8వ అధ్యాయంలో అర్హులను అమాత్యులుగా నియమించవచ్చు గాని మంత్రులుగా కాదని ఈ రెండింటినీ వేరుచేశాడు.

అమరకోశం ఈ పదాలను పర్యాయాలుగా చెప్పింది కదా అని ఆక్షేపించవచ్చు. నిఘంటువు అర్థసామ్యాన్ని చూపుతుందే గాని ప్రయోగౌచిత్యాన్ని నిర్ణయించదు. తెలుగులో ఈ రెండూ ఒకప్పుడు గౌరవవాచకాలుగానూ చెల్లాయి. ఏ రాజుకూ మంత్రిత్వం చేసినట్లు ప్రసిద్ధి లేని పోతన, భాగవత గద్యలలో పోతనామాత్యుడు. ఆయన తండ్రి కేసనమంత్రి. కాలక్రమంలో ‘మంత్రి’ పదవీనామంగా స్థిరపడింది. ‘అమాత్య’ శబ్దానికి గౌరవచ్ఛాయ మాత్రమే మిగిలింది. నేటి పత్రికలు మంత్రికి తొడుగుతున్నది ఆ పాత గౌరవాన్నే.

‘మంత్రి’ కూడా రాజాస్థానపు పదమే అన్నది మరో వాదం. నిజమే. అయితే గవర్నరుకు సహాయం, సలహా అందించడం మంత్రిమండలి విధి అని రాజ్యాంగం 163వ అధికరణం చెబుతున్నది. ఆలోచన చెప్పేవాడనే పాత అర్థం ఇక్కడ చక్కగా పొసగుతుంది. 164వ అధికరణం ప్రకారం ఆ మండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఏలిక సామీప్యాన్ని చాటే పదంలో ఈ బాధ్యతకు చోటు లేదు.

దీనికి ‘యోగం’ తోడైతే పదవి జాతకఫలం అవుతుంది. జాతకంలో రాసిపెట్టి ఉన్న పదవికి సభలో సంజాయిషీ అడిగేదెవరు? వ్యంగ్యంగా వాడుతున్నామనే సమర్థనా నిలవదు. నిత్యం వాడే వ్యంగ్యం క్రమంగా వాచ్యమవుతుంది.

కావ్యచర్చలోనూ చరిత్రరచనలోనూ ‘అమాత్య’ శబ్దం నిస్సంకోచంగా ఉండవచ్చు. శాసనసభకు జవాబుదారీ అయిన వ్యక్తికి మాత్రం ‘మంత్రి’ అన్న పేరే తగినది.