రైలు ఆగినా టికెట్ ఆగకూడదు

హైదరాబాద్ ఎంఎంటీఎస్ లోకల్ బళ్లలో తిరిగే అక్కలకూ అన్నలకూ,

పట్టాల పనుల వల్ల రేపు ఫలానా బళ్లు రద్దు అన్న కబురు మన ఫోన్లకు చేరేసరికి చాలాసార్లు ముందురోజు సాయంత్రమవుతుంది. అందులో ఉండేది అయిదంకెల రైలు నంబర్ల పట్టిక. మన బండిని మనం నంబరుతో గుర్తుపెట్టుకోం. ‘పొద్దున ఉప్పుగూడలో ఎక్కే లింగంపల్లి బండి’, ‘రాత్రి హైటెక్ సిటీ నుంచి తిరిగొచ్చే ఆఖరి బండి’, ఇవే మనకు తెలిసిన పేర్లు. అందుకే రద్దయిన రోజున ప్లాట్‌ఫాం మీదికొచ్చి, కాసేపు ఎదురుచూసి, పక్కవాళ్లను అడిగి, చివరికి షేర్ ఆటో కోసం రోడ్డెక్కేవాళ్లు ప్రతి స్టేషన్‌లోనూ కనిపిస్తారు.

మరమ్మతులు ఆపమని మేం అడగడం లేదు. ముందుగా ఈ మాట స్పష్టంగా చెప్పాలి. మన బళ్లు నడిచే పట్టాల మీదే దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, వేల టన్నుల గూడ్సు బళ్లు నడుస్తాయి. ఆ బరువుకు స్లీపర్ల కింద కంకర కుంగుతుంది. ఎండకు పట్టా సాగుతుంది. చలికి బిగుసుకుంటుంది. కంటికి కనపడని పగుళ్లను అల్ట్రాసోనిక్ యంత్రంతో పట్టుకోవాలి, కంకరను టాంపింగ్ మెషీన్‌తో మళ్లీ సర్దాలి, పైన 25 వేల వోల్టుల తీగల పని ఉంటే కరెంటు ఆపాలి. బండి వస్తూ పోతూ ఉంటే ఇందులో చాలా పనులు కావు. ఆ పనిచేసే ట్రాక్‌మెన్ ప్రాణాలకు కూడా లైను ఖాళీగా ఉండటమే రక్ష. 2019 నవంబర్ 11న కాచిగూడలో ఎంఎంటీఎస్ బండి హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నప్పుడు క్యాబిన్‌లో గంటల తరబడి ఇరుక్కుపోయిన లోకో పైలట్‌ను ఈ ఊరు టీవీల్లో చూసింది. ఆయన తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశాడు. రైలు భద్రతకు ఎంత ఖర్చయినా, ఎంత సమయమైనా పెట్టాల్సిందే.

మా ప్రశ్న వేరు. లైను ఆపినప్పుడు ఆ భారం మొత్తం ప్రయాణికుడి నెత్తినే ఎందుకు పడాలి?

ఒక లైన్ మీద బ్లాక్ తీసుకుంటే, అంటే పని కోసం ఆ లైనును కాసేపు మూసేస్తే, మిగిలిన లైన్ మీద అన్ని బళ్లూ పట్టవు. ఏదో ఒకటి ఆపాలి. దూరప్రాంతపు బండిలో ఉన్నవాళ్లకు రిజర్వేషన్ ఉంది, పేరు ఉంది, ఫోన్ నంబరు ఉంది. బండి రద్దయితే మెసేజ్ వెళ్తుంది, టికెట్ డబ్బు మొత్తం తిరిగి వస్తుంది. ఎంఎంటీఎస్ ప్రయాణికుడి పేరు ఏ చార్టులోనూ లేదు. అయిదు రూపాయలతో మొదలయ్యే టికెట్ కొన్నవాడు, నెల టికెట్ తీసుకున్నవాడు ఏ రోజు ఏ బండి ఎక్కుతాడో రైల్వేకు తెలియదు. అందుకే కోత ముందు మన మీద పడుతుంది. ఒక్కో ఆదివారం ముప్పైకి పైగా సర్వీసులు ఆపిన సందర్భాలున్నాయి. కొవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచిన వ్యవస్థ ఇది. 2020 మార్చిలో ఆగి, పదిహేను నెలల తర్వాత 2021 జూన్ 23న పది సర్వీసులతో మళ్లీ మొదలైంది. అలా చిక్కిన వ్యవస్థలో ఒక బండి పోతే తర్వాతి బండికి ఎంతసేపు నిలబడాలో రోజూ ఎక్కేవాళ్లకు తెలుసు.

‘ఆదివారమే కదా’ అంటారు. ఆదివారం సెలవు ఎవరికి? ఆస్పత్రి ఆయాలకు లేదు, మాల్ సెక్యూరిటీ వాళ్లకు లేదు, హోటల్ వంటవాళ్లకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు లేదు. పోటీ పరీక్షలు ఎక్కువగా పెట్టేది ఆదివారమే. గేటు మూశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని పరీక్షకు బయల్దేరిన పిల్లకు ‘నిర్వహణ పనులు’ అన్న మాట ఏం సమాధానం చెబుతుంది?

ఫలక్‌నుమా వైపు వాళ్ల సంగతి మరీ కష్టం. మెట్రో వాళ్ల దాకా రాలేదు. యాకుత్‌పురా, డబీర్‌పురా, ఉప్పుగూడ మనుషులకు హైటెక్ సిటీ దాకా ఒకే టికెట్‌తో తీసుకెళ్లే రైలు ఇదొక్కటే. మలక్‌పేట దాకా ఆటోలో వచ్చి మెట్రో ఎక్కుదామన్నా, 2025 మేలో మెట్రో గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75 రూపాయలకు పెంచి, గోల చేశాక 69కి దించారు. రోజుకూలితో బతికేవాళ్లకు రానూపోనూ ఆ ఛార్జీ పెద్ద భారం.

ఇదంతా తప్పదని నమ్మిస్తున్నారు. తప్పుతుంది. అందుకు ఆధారం రైల్వే సొంత నిబంధనల్లోనే ఉంది. 2023 చివర్లో రైల్వే జనరల్ రూల్స్‌లో ‘రోలింగ్ బ్లాక్’ అన్న పద్ధతిని చేర్చారు. పట్టాలు, సిగ్నళ్లు, కరెంటు తీగల మరమ్మతులన్నిటినీ కలిపి, 52 వారాల ముందు వరకు ప్రణాళిక వేసుకునే పద్ధతి అది. అంటే ఏ సెక్షన్‌లో ఏ పని రాబోతోందో ఇంజినీర్ల దగ్గర నెలల ముందే రాసి ఉండాలి. ఆ కాగితంలో మనకు సంబంధించిన నాలుగు వరుసలు స్టేషన్ గోడ దాకా రావడానికి ముందురోజు సాయంత్రం వరకు ఎందుకు ఆగాలి? హఠాత్తుగా పట్టా విరిగితే, వానకు కంకర కొట్టుకుపోతే ఎవరూ ముందు చెప్పలేరు. దాన్ని మేం అర్థం చేసుకుంటాం. ముందే వేసుకున్న పనికి ఆ మినహాయింపు లేదు.

ఇక ముంబయి చూడండి. అక్కడా ఆదివారం ఆదివారం మెగా బ్లాక్ ఉంటుంది. ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది ముందుగానే పత్రికల్లో వస్తుంది. హార్బర్ లైన్ ఆపితే, ఆ టికెట్ ఉన్నవాళ్లు అదే టికెట్‌తో మెయిన్ లైన్‌లో, వెస్టర్న్ లైన్‌లో వెళ్లవచ్చని అదే ప్రకటనలో రాస్తారు. బ్లాక్ లేని ముక్కల్లో ప్రత్యేక లోకల్ బళ్లు నడుపుతారు. అదీ భారతీయ రైల్వేనే. లైను ఆపినా టికెట్‌కు విలువ ఉంచాలన్న సూత్రాన్ని రైల్వే అక్కడ ఒప్పుకుంది. మనకు పక్కన రెండో లోకల్ లైను లేదు, కానీ స్టేషన్ బయట ఆర్టీసీ బస్సు ఉంది.

అమెరికాలో వాషింగ్టన్ మెట్రో ఏళ్ల తరబడి మరమ్మతులు వాయిదా వేసి, 2016 మార్చిలో కరెంటు కేబుళ్ల తనిఖీ కోసం ఒక రోజంతా మొత్తం వ్యవస్థను మూసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడేళ్ల పనిని దాదాపు ఏడాదిలో ముగించే పథకం వేసుకున్నారు. ఏ లైను ఎప్పుడు ఆగుతుందో పట్టిక ముందే బయటపెట్టారు, మూసిన స్టేషన్ల మధ్య ఉచితంగా బస్సులు తిప్పారు. జనం ఇబ్బంది పడకపోలేదు, పడ్డారు. కానీ ఏ రోజు ఏమవుతుందో తెలిసి పడ్డారు.

మేం కోరేది ఇది. ప్రతి నెల మొదటికల్లా ఆ నెల బ్లాకుల పట్టిక ప్రతి ఎంఎంటీఎస్ స్టేషన్‌లోనూ టికెట్ కౌంటర్ పక్కన అతికించాలి. తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిష్‌లో. బండి నంబరుతో పాటు, ఏ స్టేషన్‌లో ఎన్నింటి బండి ఉండదో రాయాలి. పొద్దుటి మొదటి బండిని, రాత్రి ఆఖరి బండిని ముందే వేసుకున్న పనుల కోసం ముట్టుకోకూడదు. ఎందుకంటే ఆ రెండు వేళల్లో బస్సులూ దొరకవు, ఒంటరి ఆడమనిషికి ఆటో ఎక్కడమూ భయమే. సీజన్ టికెట్‌కు రద్దయిన రోజులు కలపాలి. లాక్‌డౌన్‌లో కోల్పోయిన రోజులను 2021లో దక్షిణ మధ్య రైల్వే అలాగే కలిపి ఇచ్చింది కాబట్టి, సాధ్యం కాదనే మాట ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది బస్సు. బ్లాక్ ఉన్న రోజున ఎంఎంటీఎస్ టికెట్ చూపిస్తే సిటీ బస్సు ఎక్కనివ్వాలి. రద్దీ వేళల్లో ఫలక్‌నుమా నుంచి కాచిగూడ మీదుగా సికింద్రాబాద్‌కూ, బేగంపేట నుంచి లింగంపల్లికీ అదనపు బస్సులు వేయాలి. పన్నెండు బోగీల బండిలోని జనాన్ని బస్సులు పూర్తిగా మోయలేవని మాకు తెలుసు. సగం మందిని మోసినా సగం మంది జీతం కోత తప్పుతుంది. డబ్బు ఎవరివ్వాలన్న ప్రశ్న వస్తుంది. రైల్వే ఆర్టీసీకి ఇవ్వాలి. అది పెద్ద మొత్తమూ కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్ర మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. మిగిలేది మగవాళ్ల ఛార్జీ. ఈ రెండు సంస్థలూ కలిసి పనిచేయడం కొత్తా కాదు. రైలుకూ బస్సుకూ కలిపి కాంబి టికెట్ అమ్మిన ఊరు ఇది. ఎంఎంటీఎస్ రెండో దశకు రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు పెట్టుకునేట్టు ఒప్పందం కుదిరిన ఊరు ఇది. నగరంలోని రవాణా సంస్థలన్నిటినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టే ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థకు 2008 నాటి హెచ్‌ఎండీఏ చట్టంలోనే చోటుంది. ఆ బల్ల మీద ఈ ఒక్క విషయం పెట్టమని అడుగుతున్నాం.

పనులు ఇప్పట్లో తగ్గవు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మౌలాలి–సనత్‌నగర్ లైను 2024 మార్చిలో తెరిచారు. లైన్లు పెరిగే కొద్దీ మరమ్మతులూ పెరుగుతాయి. అందుకే ఇప్పుడే అడగాలి.

మీరు చేయాల్సింది చెబుతాం. మన లైను రెండు డివిజన్లలో ఉంది. ఫలక్‌నుమా వైపు హైదరాబాద్ డివిజన్, లింగంపల్లి వైపు సికింద్రాబాద్ డివిజన్. ఇద్దరు డివిజనల్ రైల్వే మేనేజర్లకూ (డీఆర్ఎంలకూ) విడివిడిగా ఉత్తరం రాయండి. ఒకరికి రాస్తే ఆ పని మాది కాదు, పక్క డివిజన్‌ది అన్న జవాబు రావచ్చు. హైదరాబాద్, సికింద్రాబాద్, మల్కాజ్‌గిరి, చేవెళ్ల, ఈ నాలుగు నియోజకవర్గాల ఎంపీలూ మన బళ్లు వెళ్లే దారిలోనివాళ్లే. ఓటు అడిగిన వాళ్లను ఈ టికెట్ గురించి అడగండి. బండి రద్దయిన రోజున ఊరికే తిట్టుకుని వెళ్లిపోకండి. స్టేషన్ మాస్టర్ దగ్గర ఫిర్యాదు పుస్తకం అడగండి, లేదా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. తేదీ, స్టేషన్, ఎక్కాల్సిన బండి వేళ, దానికి బదులు చేతినుంచి పెట్టిన ఖర్చు, ఈ నాలుగూ రాయండి. చదవడం, రాయడం రానివాళ్లు పక్కన ఉంటే వాళ్లది కూడా మీరే రాసిపెట్టండి.

ఫలక్‌నుమా–లింగంపల్లి లైను ప్రయాణికులు