మెమరీ ధర మండింది: మూలనపడ్డ కంప్యూటరే మేలు

చిత్తూరు: విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే కూర్చుకుంటే కంప్యూటర్ చవక అన్న లెక్క 2025 చివర్లో తలకిందులైంది. కృత్రిమ మేధ కేంద్రాలకు చిప్‌లు తరలిపోవడంతో ర్యామ్ ధర విపరీతంగా పెరిగింది. ‘క్రూషియల్’ పేరిట ర్యామ్ అమ్మే అమెరికా సంస్థ మైక్రాన్, ఆ చిల్లర వ్యాపారం మానుకుంటున్నట్లు డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడి కేంద్రాలో, ఎక్కడి పీలేరు, పలమనేరు పల్లెలో! భారం మాత్రం పిల్లల్ని చదివించే రైతు మీదా పడింది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిందని పాత డెస్క్‌టాప్‌ను తూకానికి వేయనక్కరలేదు. తిరిగే హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డి వేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే చదువుకు, దరఖాస్తులకు సరిపోతుంది.

కొత్తదే కూర్చాలంటే గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే వేరే కార్డు ఖర్చు తప్పుతుంది. రంగుదీపాల డబ్బా దండగ. ర్యామ్ ఒక్కటే కొని రెండో గడి ఖాళీగా ఉంచితే, ధర దిగాక నింపుకోవచ్చు. పాత డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉంటే బోర్డూ దానికి తగ్గదే వెతకాలి. డీడీఆర్5 బోర్డులో అది కూర్చోదు.

పవర్ సప్లయ్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. మోటార్లు ఆడేవేళ వోల్టేజి ఎగిరిపడే పల్లెల్లో పేరులేని సప్లయ్ కాలితే బోర్డునూ వెంట తీసుకుపోవచ్చు. జీఎస్‌టీ 18 శాతం ఎగ్గొట్టే ఆశతో బిల్లు వద్దంటే, రేపు వారంటీ అడగడం కష్టం.