కీస లేని బట్టలు, మొగోళ్ల అంగీల ఆడోళ్లు

పత్తి చేన్ల దిక్కు ఒక్కపారి చూడున్రి. పత్తి ఏరే అక్కలు చీర మీద మొగోళ్ల పాత అంగీ తొడుగుతరు. కలుపు తీసేకాడ, ఉపాధి హామీ పనికాడ గూడ గదే. ఎండకు చేతులు మాడకుండ, పత్తికాయ గీరకుండ నిండు చేతులుంటయి. ఫోను పెట్టుకునేతందుకు కీస ఉంటది. రోజూ చూస్తం గనుక మనకు ఇది వింత గాదు. నా లెక్కల మాత్రం ఆ అంగీ ఒక సాక్ష్యం. ఆడోళ్లు చేసే పనికి అక్కెరకొచ్చే బట్ట మార్కెట్‌ల లేదని అది చెప్తున్నది.

"షోరూం నిండ ఆడోళ్ల బట్టలే కదనే!" అని తమ్ముండ్లు అంటరు. నిజమే. చాన షాపులల్ల కింద అంతా చీరలు, డ్రెస్సులు. మొగోళ్లకు ఓ మూలకు నాలుగు ర్యాకులు. నేను అడిగేది ఎన్ని ఉన్నయని గాదు, దేనికి పనికొస్తయని. ఆడోళ్లకు రంగులు వంద దొరుకుతయి, కీస ఒక్కటి దొరకది. కుర్తీలకు, లెగ్గింగులకు, నైటీలకు చానమట్టుకు ఉండనే ఉండది. మొగోళ్ల చౌక ప్యాంటుకు గూడ మూడు నాలుగుంటయి.

జీన్స్ తొడిగే పట్నం పిల్లల కథ గూడ ఇంతే. 2018ల అమెరికాల ఒక వెబ్ పత్రికోళ్లు 20 బ్రాండ్ల జీన్స్ కొలిచిన్రు. ఆడోళ్ల ముందు కీసలు మొగోళ్ల వాటికంటె సగటున 48 శాతం పొట్టిగున్నయట. ఫోను సగం బయటికే ఉంటది.

కీస చిన్న ముచ్చట అనకున్రి. 2023 డిసెంబర్ 9 సంది తెలంగాణల ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. జీరో టికెట్ కావాలంటే గుర్తింపు కార్డు చూపియ్యాలె. ఆ కార్డు ఏడ పెట్టాలె? కొంగుకు ముడేస్తరు, బొడ్ల చెక్కుతరు, రవికెల దోపుతరు. లేకుంటే పైసలు పెట్టి పర్సు కొనాలె. మొగోనికి బట్టతోని ఊకెనే వచ్చేది ఆడామె ఇంకోపారి కొనుక్కోవాలె.

"ఆడోళ్లు అడుగుతలేరు, కీస పెడితే షేపు పోతది" అని షాపోళ్ల మాట. కీస ఉన్నదే దొరకనప్పుడు అమ్మకాలల్ల వాళ్ల కోరిక ఎట్ల కనవడతది? ఇగ షేపు అంటరా, అది చూసేటోళ్ల బాధ, తొడిగేటోళ్లది గాదు. పల్లెల పనిచేసే ఆడోళ్లల నలుగురిల ముగ్గురు వ్యవసాయంల ఉన్నరని సర్కారు సర్వేలే చెప్తున్నయి. ఇంతమంది ఉన్నా షాపోనికి ఆడామె అంటే పెండ్లికి తయారయ్యే మనిషే, చేన్ల వంగే మనిషి గాదు.

సర్కారు చూపు గూడ అట్లనే ఉండె. 2017ల జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టుబిళ్లకు, గాజులకు పన్ను సున్నా. నెల నెలా తప్పని ప్యాడ్లకు మాత్రం 12 శాతం. అంటే సింగారం అవసరం, ఒంటి అవసరం మాత్రం విలాసం! దేశమంతా ఆడోళ్లు గట్టిగ అడిగిన్రు. ఏడాది తిరిగినంక, 2018 జులైల, ఆ పన్ను ఎత్తేసిన్రు. అడిగితేనే కదిలింది.

అందుకే మనం గూడ అడగాలె. తెలంగాణల సర్కారు బడి పిల్లల యూనిఫాం కుట్టే పని 2024ల మహిళా సంఘాలకు వచ్చింది. మిషన్ తొక్కేది మన అక్కలే. ఆడపిల్ల డ్రెస్సుకు గూడ పిలగాని లాగుకు ఉన్నంత లోతు కీస పెట్టాలని బడి కమిటీల, సంఘం మీటింగుల తీర్మానం చెయ్యున్రి. పట్టేది జానెడు గుడ్డ. చెల్లెండ్లారా, టైలర్ కాడికి పోతే కొలతలతోని పాటు కీస గూడ చెప్పున్రి. తమ్ముండ్లారా, అమ్మకు బట్టలు కొనేటప్పుడు రంగు తర్వాత చూడున్రి. ముందుగాల దాంట్ల చెయ్యి పెట్టే జాగ ఉన్నదా లేదా చూడున్రి.