ఫొటోతో పాటు సెట్టింగ్స్ కూడా పెట్టండి

దండారి ఫొటోలు గ్రూపులో మస్తుగా వస్తున్నాయి, చూసి సంబరపడుతున్నాం. కానీ ఎట్లా తీశారో ఎవరూ రాయరు.

మా హాస్టల్‌లో నలుగురికి ఒక్క పాత కెమెరా. పోయినేడు రాత్రిపూట గుస్సాడీలు ఆడుతుంటే ఆటో మోడ్‌లో తీశాం. నెమలి పింఛాల టోపీలన్నీ అలికినట్టు వచ్చాయి. తర్వాత ఒక అన్న చెప్పాడు: షటర్ 1/250 పెట్టండి, ఐఎస్ఓ 3200కి పెంచండి, చుక్కలు పడితే పడనీ అని. ఆ ఒక్క మాట తెలియడానికి మాకు ఏడాది పట్టింది. మా ఇండ్లలో కెమెరా పట్టినోళ్లు ఎవరున్నారు చెప్పడానికి?

ఈ వివరాలు ఫొటో ఫైల్‌లోనే ఉంటాయి, ఎగ్జిఫ్ అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. అంత ఎందుకనుకుంటే కింద ఒక లైను రాసినా చాలు. సెట్టింగ్స్ చెప్తే మన ఫొటోకు విలువ తగ్గుతుందని కొందరంటున్నారు. మాకైతే అట్లా అనిపించదు. అంకెలు తెలిసినా ఆ రాత్రి ఆ గూడెంలో మీరే ఉన్నారు కదా!

లొకేషన్ మాత్రం తీసేయండి. కెమెరాకు జీపీఎస్ ఆన్‌లో ఉంటే అది కూడా ఫైల్‌తోనే పోతుంది. అడవిలో మన దేవుళ్లున్న చోట్లు ఊరి పెద్దలను అడగకుండా మ్యాప్‌లోకి ఎక్కొద్దు.

ఈ దండారికి మేం తీసేవి సెట్టింగ్స్‌తోనే పెడతాం, చెడిపోయినవి కూడా.