చప్పట్లు ఎవరికి కొడుతున్నాం?

యుద్ధం మీద నాటకమో నవలో వస్తే చాలు, మన సమీక్షకులకు పూనకం వస్తుంది. నాయిక కష్టాలకు ఎదురీదిందట, బతికి బట్టకట్టిందట! ఆ బతుకు ఖరీదు ఎవరు చెల్లించారని మాత్రం ఒక్కరూ అడగరు.

నాటకకర్త బ్రెహ్ట్ 1939లో రాసిన ‘మదర్ కరేజ్’నే తీసుకోండి. ముప్ఫై ఏళ్ల యుద్ధంలో సైన్యాల వెంట తిరిగి సరుకులమ్ముకునే ఆడమనిషి కథ. ఆమెకు ధైర్యవంతురాలని పేరెలా వచ్చింది? రీగా నగరం మీద ఫిరంగిగుళ్లు పడుతుంటే వాటి మధ్యనుంచి బండి తోలింది. ఎవరినో కాపాడటానికి కాదు, బండిలో యాభై రొట్టెలు బూజు పడతాయని! 1941లో జూరిక్‌లో తొలి ప్రదర్శన చూసినవాళ్లు మాత్రం మహాతల్లి అంటూ కరిగిపోయారు. బ్రెహ్ట్‌కు ఒళ్లు మండి కొన్ని రంగాలు తిరగరాశాడు. కొత్త ప్రతిలో, గాయపడ్డవాళ్లకు కట్లు కట్టడానికి చొక్కాలడిగితే ఆమె ససేమిరా అంటుంది. 1949లో బెర్లిన్‌లో ఆడినప్పుడూ జనం కళ్లు తుడుచుకున్నారు. ఏం చేస్తాడు పాపం!

చిన్నకొడుకు ప్రాణం లంచం మీద వేలాడుతుంటే ఈ తల్లి బేరమాడింది. బేరం తెగేలోపు వాణ్ణి కాల్చేశారు. శవాన్ని తెచ్చి చూపిస్తే ఎవరో తెలీదన్నట్టు తలూపింది, ఒప్పుకుంటే తన మెడకూ చుట్టుకుంటుంది కనుక. దీన్నేనా మీరు గుండె నిబ్బరం అంటున్నది? పెద్దకొడుకు ఐలిఫ్ రైతుల్ని నరికి పశువుల్ని తోలుకొస్తే సేనాని పక్కన కూర్చోబెట్టుకుని మెచ్చుకున్నాడు. నడుమ నాలుగునాళ్లు శాంతి వచ్చినప్పుడు అలాంటి పనికే వాణ్ణి చంపేశారు.

ఆమె మీద నాకు కసి లేదు. ఆకలి ముందు ఎవరైనా బేరగాళ్లే. నా కోపమంతా ఆ బేరానికి శాలువా కప్పే మన మీద. జనం ఎంతైనా తట్టుకుంటారని మనమే పాడుతుంటే, యుద్ధం చేసేవాడికి ఇంకేం కావాలి? మరో ఏడాది లాగిస్తాడు.

తట్టుకోలేకపోయిన మనిషి ఆ నాటకంలోనే ఉంది. కాత్రిన్, నోరు లేని కూతురు. నిద్రపోతున్న హాలె పట్టణం మీదికి సైన్యం వస్తోందని తెలియగానే పక్కనున్న రైతు దంపతులు ప్రార్థన మొదలెట్టారు. ఆమె డోలు పట్టుకుని కప్పెక్కి, నిచ్చెన పైకి లాగేసుకుని వాయించింది. బండి విరగ్గొడతామన్నా ఆపలేదు. కాల్చారు. ఊరు మాత్రం మేలుకుంది.

సరుకు బేరానికి అదే ఊళ్లోకి వెళ్లిన తల్లి తిరిగొచ్చి, కూతుర్ని పాతిపెట్టమని డబ్బులిచ్చి, బండి తానే లాక్కుంటూ పటాలం వెనక పోయింది. ఆవిడ మీద మీరు రాసే పేజీల్లో ఈ పిల్లకు పేరా కూడా దక్కదేం?